పై వరస సీసా

ఆదివారం ఉదయం, తలుపులు తెరవడానికి ముందు, మేనమామ తన నడుముకున్న తాడు విప్పి, దానికి వేలాడే తాళంచెవిని మేనకోడలి చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త. పోతే ఇంకోటి చేయించలేం. ఆ తాళం చేసినాయన ఎప్పుడో పోయాడు" అన్నాడు.

వంటవాళ్ళు గరిటెలతో గిన్నెల మీద కొట్టారు. రెస్టారెంట్ యజమానురాలు, అందరూ మేడమ్ అనే ఆవిడ, "సరే, ఇక పని చూడండి" అని బల్లల మీద గుడ్డలు సర్దడానికి వెళ్ళింది. పొగడ్త ఆవిడ పద్ధతి కాదు.

అది నేలమాళిగ తాళంచెవి. ఊరు ఈ రెస్టారెంట్‌కి వచ్చేది వైన్ కోసం. చేప బాగుంటుంది, మాంసం బాగుంటుంది, రొట్టె పొద్దున్నే ఇక్కడే కాలుస్తారు. కానీ ఇక్కడ తిన్నవాళ్ళని మర్నాడు ఏం తిన్నారని అడిగితే ఏం తాగారో చెబుతారు. పీపాల్లో వచ్చే మామూలు వైన్‌ని వంటింటి పక్క గదిలో సీసాలకెత్తి, చేతిమిషన్‌తో బిరడాలు బిగిస్తారు. మిగతా సీసాలు నేలమాళిగ అరల్లో ఉంటాయి. పాతవి పై వరసలో. ఏ బల్లకి ఏ సీసా వెళ్ళాలో చెప్పేది తాళంచెవి ఉన్న మనిషి. సర్వర్లు పోస్తారు, అంతే.

మేనకోడలు ఇక్కడ గ్లాసులు తుడవడానికి చేరింది. తర్వాత ట్రేలు మోసింది. తర్వాత పోసింది. చేరిన రోజు నుంచీ ఆమెకి కావలసింది ఆ తాళంచెవే. అయితే అది మేనమామ దయగా రాకూడదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, కానీ అందరికీ తెలుసు. ఎందుకంటే అందరూ ఆమెని పిలిచేదే మేనకోడలు అని.

అందుకే పోయిన నెల మేడమ్ ఎదుట పరీక్ష పెట్టమని తనే అడిగింది. మేనమామ పేర్లు చెప్పకుండా గ్లాసులు వరసగా పోసి పెట్టాడు. ఒక్కటి తప్ప అన్నీ చెప్పింది. ఆ ఒక్కటీ ఎందుకు తప్పిందో వారమంతా ఆలోచించింది.

"కొందరికి మేనమామ ముక్కొస్తుంది. నీకు తాళంచెవొచ్చింది" అన్నాడు రేడియో, గ్లాసులు వెలుతురుకెత్తి చూస్తూ. సర్వర్లలో పెద్దవాడు. మొదలుపెడితే ఆపడానికి మీట లేదని ఆ పేరు పెట్టారు.

"నీకు అదీ రాలేదు, ఇదీ రాలేదు. నోరొక్కటే వచ్చింది" అంది.

"నోరుండబట్టే కదా సెలవులన్నీ నాకొచ్చేవి. నువ్వు ఆ చుక్కలు మొదలుపెట్టేదాకా."

చుక్కల సంగతి ఇది. పై వరస సీసా ఖాళీ అయితే దాన్ని పెరట్లో పగలగొట్టాలి. ఖాళీ సీసా బయటికి పోతే ఎవడు దాంట్లో ఏం పోస్తాడో తెలియదని మేడమ్ పెట్టిన నియమం. పగలగొట్టే పని మేనమామది. అంతకుముందు, ఆ సీసా ఎవరు పోశారో వాళ్ళు దాని భుజం మీద సుద్దతో గుర్తు పెడతారు. వారంలో ఎవరి గుర్తులు ఎక్కువుంటే వాళ్ళు వచ్చే వారం సెలవు కోరుకోవచ్చు. మేనకోడలి సుద్ద గీతల్ని చెరిపి రేడియో తనవి గీసేవాడు. ఇంట్లో ఏడుపు మొహం పెడితే వాళ్ళమ్మ నవ్వి, వంకాయ రంగు గోళ్ళరంగు బుడ్డి ఇచ్చింది. "పొరుగింటికెళ్ళిన గిన్నె తిరిగి రావాలంటే చుక్క అడుగున పెట్టాలే, పిచ్చిదానా. పైన కాదు." వైన్ సీసాకి అడుగున లోపలికి గుంట ఉంటుంది. అప్పటినుంచి మేనకోడలు తను ఖాళీ చేసిన ప్రతి పై వరస సీసాకీ ఆ గుంటలో ఒక చుక్క పెట్టేది. ఒకసారి రేడియో సీసా తనదంటే తలకిందులు చేసి చూపించింది. వంటింట్లో అందరూ నవ్వారు. ఆ గొడవ మేనమామ దాకా వెళ్ళలేదు. సర్వర్ల గొడవలు నేలమాళిగ మెట్లు దిగవు.

ఒంటిగంటకి అన్ని బల్లలూ నిండాయి. కిటికీ పక్క పెద్ద బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారు. ఒక ఆవిడ, ఆవిడ భర్త, ఆవిడ తమ్ముళ్ళిద్దరు. ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి శుక్రవారమే రిటైరయింది. ఆ సంగతి కుర్చీ లాక్కునేలోపే చిన్న తమ్ముడు సర్వర్లందరికీ చెప్పాడు.

"మా అక్క పుట్టిన సంవత్సరం వైన్ ఉందా?" అని మేనకోడల్ని అడిగాడు.

"ఏ సంవత్సరమండీ?"

"చెప్పకురా" అంది అక్క.

"చెప్పకపోతే ఎలా తెస్తుంది? గోతం పట్టుకుని వెతుకుతుందా?"

"వీడికి నేను ఎన్ని సూదులు పొడిచానో లెక్కలేదమ్మా. ఇప్పుడు కసి తీర్చుకుంటున్నాడు" అని ఆవిడ సంవత్సరం చెప్పింది. "మేడమ్ అని మాత్రం అనకు నన్ను. శుక్రవారంతో అది అయిపోయింది. అక్కా అను చాలు."

"ఆ సంవత్సరానివి ఇంకా ఉన్నాయక్కా" అంది మేనకోడలు.

"ఉంటాయా? అంత పాతవి పాడైపోవూ?" అన్నాడు పెద్ద తమ్ముడు.

"పాడవ్వాల్సినవి ఎప్పుడో పాడైపోతాయండి. నిలబడ్డవి నిలబడతాయి."

"విన్నారా బావగారూ? మా అక్క గురించే చెబుతోంది."

బావగారు రొట్టె ముక్కకి వెన్న రాసుకుంటున్నాడు. "మీ అక్క సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. ముప్పయ్యేళ్ళయినా మూత తియ్యాలంటే నాకు ఇప్పటికీ భయమే" అన్నాడు. అక్కే అందరికంటే ముందు నవ్వింది.

మేనకోడలు మెట్లు దిగి, తన చేత్తో తాళం తీసింది. అది మొదటిసారి. పై వరసలో ఆ సంవత్సరం సీసాలు రెండున్నాయి. లేబుల్ శుభ్రంగా ఉన్నది తీసుకుని, వాలిన సీసాని వాలినట్టే పట్టుకుని పైకి తెచ్చింది.

మూతి మీది లక్క గీకింది. పాత బిరడాలకి మర ఉన్న పనిముట్టు వాడరు, పొడి అయిపోతాయి. రెండు పల్చటి రేకుల్ని బిరడాకి అటూ ఇటూ దించి, తిప్పుతూ పైకి లాగాలి. బిరడా చిల్లు పడకుండా వచ్చింది. ఈ రెస్టారెంట్‌లో అతిథి కంటే ముందు పోసేవాళ్ళే ఒక చెంచాడు రుచి చూస్తారు. పాడైపోయినదాన్ని బల్ల మీద పెట్టకూడదని. మేనకోడలు చెంచా నోట్లో పెట్టుకుంది. మింగాక కూడా రుచి పోలేదు.

"బాగుందక్కా. చాలా బాగుంది" అంది. ఆ మాట పైపైన అనలేదు.

అక్కకి ఒక గుక్క పోసింది. అక్క తాగి, గ్లాసులోకి చూసింది. "ఇది నేనైతే నాకేం ఫరవాలేదర్రా" అంది. తమ్ముళ్ళు చప్పట్లు కొట్టారు. పక్క బల్లవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే కొట్టారు.

గుక్క పోయడానికి సీసా నడుం పట్టుకుంటే చాలు. గ్లాసులు వరసగా నింపాలంటే మిగతా సర్వర్లకి అరచెయ్యి సరిపోతుంది. మేనకోడలిది చిన్న చెయ్యి. బొటనవేలు అడుగు గుంటలో పెట్టి, మిగతా వేళ్ళు సీసా కింద చాపి పోస్తుంది. అలాగే పట్టుకుని అక్క గ్లాసు మీదికి వంచింది.

బొటనవేలికి చుక్క తగిలింది.

వంచిన సీసాని నిలబెట్టింది. గాజులో బుడిపె అయివుంటుందనుకుంది. గోటితో గీకింది. గోటి కింద పొర వచ్చింది. చెయ్యి తీసి చూసుకుంది. వంకాయ రంగు.

"ఏమ్మా, చెయ్యి తెగిందా?" అంది అక్క. నర్సు కళ్ళు అవి.

"లేదక్కా. ఒక్క నిమిషం" అంది. సీసా, బిరడా తీసుకుని మెట్ల వైపు నడిచింది. కౌంటర్ దగ్గర నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న మేనమామ అది చూశాడు. తెరిచిన సీసా మెట్లు దిగడం ఆ రెస్టారెంట్‌లో జరిగే పని కాదు. వెనకాలే దిగాడు.

"ఏంటే, చంటిపిల్లని పెళ్ళివారింటి నుంచి తెచ్చినట్టు వెనక్కి తెచ్చేశావ్? బిరడా కుళ్ళిందా?"

నిండు సీసాని తలకిందులు చేయడం కుదరదు కనుక ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, వేలిని గుంటలో పెట్టించింది. ఆయన వేలు అక్కడ ఆగింది. కాసేపు తీయలేదు.

"మీ అమ్మ పనా ఇది?" అన్నాడు.

"నేను ఖాళీ చేసిన సీసాలకి పెడతాను. ఖాళీ చేసినవాటికే. ఇది చలికాలంలో నేను పోసిన సీసా మావయ్యా. పెరట్లో పెట్టొచ్చాను. నువ్వు పగలగొట్టాలి దాన్ని." పనిలో ఉన్నప్పుడు ఆయన్ని మీరు అంటుంది. ఇప్పుడు ఆ తేడా ఆమెకి తెలియలేదు.

మేనమామ పెట్టె మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు ఇంట్లో ప్రతి గిన్నె అడుగునా ఆ చుక్కలు చూస్తూ పెరిగినవాడే. సీసా భుజం మీది సుద్ద కడిగాడు. అడుగు చూసుకోలేదు.

"పోయిన ఎండాకాలం" అన్నాడు. "ఇక్కడి ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయని ఆపి, తుడిచి, తలుపేసుకుని మీ ఇంటికొచ్చాను. మీ అమ్మ రమ్మంది కదా, రెండ్రోజులుండి వెళ్ళమని. ఏసీ మళ్ళీ వేశాననే అనుకున్నా. వచ్చి తలుపు తీస్తే వంటిల్లు తీసినట్టుంది. వేడంతా పైకి చేరింది. బిరడాలు బయటికి తన్నుకొచ్చాయి. కొన్ని కారాయి."

"పై వరసా?"

"పై వరసే."

"మేడమ్‌కి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? స్విచ్చి మర్చిపోయానని చెప్పనా? వేరేవాళ్ళు తలుపు కాస్త గట్టిగా వేస్తే అరిచేవాణ్ణి, సీసాలకి నిద్ర చెడుతుందని." నవ్వబోయాడు. రాలేదు. "పీపా వైన్‌లో మంచిది చూసి, వేడికి ఉడికినదాన్ని కాస్త కలిపి నింపాను. పాతవాసన ఉండాలి కదా. బిరడాలు చిల్లుపడవు, మళ్ళీ అవే బిగించొచ్చు. పైన లక్క ముంచితే సరి. కారిపోయి లేబుళ్ళు పాడైనవాటికి మాత్రం వేరే సీసాలు కావాల్సొచ్చింది."

"అయితే చలికాలంలో నేను పోసింది?"

"అదీ నేను నింపిందే. ఈ సీసా రెండోసారి తిరుగుతోంది."

చలికాలంలో ఆ సీసా తాగిన బల్లవాళ్ళు లేచి నిలబడి ఆమెకి చెయ్యి కలిపారు. అది గుర్తొచ్చింది.

"ఎన్ని ఉన్నాయి?"

ఆయన చెయ్యెత్తి పై వరసని ఈ చివరి నుంచి ఆ చివరికి చూపించాడు. "గోడ పక్కన నాలుగో ఐదో అసలువి ఉండాలి. ఏవో నాకే గుర్తులేదు."

"రుచి చూస్తే తెలియదా?"

"తెలియదు" అన్నాడు. "బాగా కలిపాను." ఆ మాటలో గర్వం ఉంది. అది దాచుకోవాలన్న స్పృహ కూడా ఆయనకి లేదు.

పైన ఎవరో ప్లేటు జారవిడిచారు, ఎవరో నవ్వారు. మేనకోడలు తన నడుముకున్న తాడు చూసుకుంది.

"మరి ఇది నాకెందుకిచ్చావు?"

"ఇంకెవరికివ్వను? పరాయివాడికిస్తే వాడు ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటాడు. పట్టుకుంటే ఊరంతా చెబుతాడు. నువ్వు పట్టుకున్నా నోరు మూసుకుంటావు. నా మనిషివి."

"నా నాలుక చూసి కాదా?"

"నాలుక కూడా బాగుంది" అన్నాడు.

ఆమె ఆ 'కూడా' దగ్గర ఆగిపోయింది. ఆయన లేచి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "వెళ్ళి పొయ్యి. వాళ్ళకి బాగుంది కదా. ఆవిడ సంతోషంగా ఉంది కదా. ఎవరికేం పోయింది చెప్పు? నెమ్మదిగా ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి. ఒకటి రెండేళ్ళలో వరస ఖాళీ. అప్పుడు కొత్తవి పెట్టుకో, నీ ఇష్టం."

ఆమె సీసా తీసుకుని మెట్లెక్కింది. పోయడానికే వెళుతోందని ఆయన అనుకున్నాడు.

కిటికీ పక్క బల్ల దగ్గర నాలుగు గ్లాసులూ ఎదురు చూస్తున్నాయి. చేప వచ్చింది. చిన్న తమ్ముడు ముల్లు తీస్తున్నాడు.

"అక్కా, ఇది మీ సంవత్సరానిది కాదు" అంది మేనకోడలు.

"పొరపాటున వేరేది తెచ్చావా? ఫరవాలేదులేమ్మా."

"లేబుల్ అదే. లోపలున్నది అది కాదు."

చిన్న తమ్ముడి చేతిలో ఫోర్క్ ఆగింది. "లోపలున్నది అది కాదంటే?"

"ఖాళీ సీసాలో మళ్ళీ నింపినది."

ఆ మాట ఆమె మెల్లగానే అంది. కానీ రెస్టారెంట్‌లో మెల్లగా అన్న మాటే దూరం వెళుతుంది. పక్క బల్లవాళ్ళు తిరిగారు. రేడియో ట్రేతో ఆగిపోయాడు. జీవితంలో మొదటిసారి ఏమీ అనలేదు. మేడమ్ రెండు బల్లల అవతల నుంచి వచ్చింది. మెట్ల మీంచి మేనమామ వచ్చాడు.

"ఏం జరిగింది?" అంది మేడమ్.

మేనకోడలు నోరు తెరిచింది. ఆ లోపే మేనమామ అన్నాడు, "దాన్నే అడగండి మేడమ్. తాళం దాని దగ్గరుంది. సీసా అడుగున దాని గుర్తుంది, చూసుకోండి."

ఆయన ఎవరి గురించి మాట్లాడుతున్నాడో మేనకోడలికి వెంటనే అర్థం కాలేదు. 'దాన్ని' అంటే ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

మేడమ్ సీసా అందుకుని పైకెత్తి అడుగు చూసింది. "ఈ రంగేంటి?"

"అది... మేనకోడలి చుక్కే మేడమ్" అన్నాడు రేడియో. "తన సీసాలకి పెడుతుంది. వంటింట్లో అందరికీ తెలుసు. కానీ మేడమ్..."

"మావయ్యా" అంది మేనకోడలు. ఆయన ఆమె వైపు చూడలేదు. బల్ల మీది రొట్టెల బుట్ట వైపు చూస్తున్నాడు.

మేడమ్ సీసా దించింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు, అప్పుడూ పెంచలేదు. "తాళం ఈ అమ్మాయికి ఎప్పుడిచ్చావు?"

"పొద్దున. మీరూ ఉన్నారుగా."

"ఉన్నాను. నిన్నటిదాకా ఎవరి దగ్గరుంది?"

ఆయన పెదవులు కదిలాయి.

"ఇది నిండాలన్నా, లక్క ఆరాలన్నా, పై వరసకి ఎక్కాలన్నా ఎవరో ఒకరు తలుపు తియ్యాలి కదా. ఈ పిల్ల తియ్యలేదు. ఎవరు తీశారు?"

అక్క తన గ్లాసుని కొంచెం దూరం జరిపింది. ఆ చిన్న చప్పుడుకి మేనమామ ఉలిక్కిపడ్డాడు.

"ఏసీ ఆపేశాను మేడమ్" అన్నాడు. "మళ్ళీ వెయ్యడం మర్చిపోయాను." ఆ వాక్యం ఎండాకాలం నుంచీ ఆయన దగ్గరుంది. చెప్పాక ఇంకేం మిగల్లేదన్నట్టు చేతులు కిందికి వదిలేశాడు.

"వరసలో ఎన్ని?" అంది మేడమ్. ఆయన ఈసారి చెయ్యెత్తి చూపించలేదు. అయినా వరసంతా అని ఆవిడకి అర్థమైంది. "ఇంటికెళ్ళు. రేపు రా. ఇవాళ నేనేం మాట్లాడినా బాగుండదు."

ఆయన మేనకోడలి పక్కనుంచి వెళుతూ ఆగాడు. "మీ అమ్మకి నేనే చెబుతాను. నువ్వు చెప్పకు" అన్నాడు. ఒక్క క్షణం కిందట తనని దొంగని చేసిన గొంతే అది. పండగకి బట్టలు తెచ్చిన గొంతు కూడా అదే. ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో తెలియదు.

తలుపు మూసుకుంది. రెస్టారెంట్‌లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి, అన్ని బల్లల దగ్గరా ఒకే మాట. కొందరు తమ సీసాల్ని ఎత్తి లేబుళ్ళు చూస్తున్నారు.

మేడమ్ బల్లవైపు తిరిగింది. "మీ పండగ పాడుచేశాం. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు."

"నా పండగదేముంది. ముందు ఈ పిల్లని కూర్చోబెట్టండి. మొహం రంగు చూడండి దానిది" అంది అక్క. బావగారు అప్పటికే లేచి కుర్చీ జరిపాడు.

మేనకోడలు కూర్చోలేదు.

"కిందికెళ్ళు" అంది మేడమ్ ఆమెతో. "కింది వరసల్లో నీకు నమ్మకమున్నది ఒకటి తెచ్చి అక్కగారికి పొయ్యి. తాళం నీ దగ్గరే ఉండనీ. నువ్వు చెప్పకపోతే ఇది ఇంకా ఎన్నాళ్ళు నడిచేదో."

నాలుగేళ్ళుగా ఆమె వినాలనుకున్న మాట అది. ఆమె నడుముకున్న ముడి విప్పడం మొదలుపెట్టింది. రెండుసార్లు ముడి ఇంకా బిగిసింది.

"ఏం చేస్తున్నావు?"

"నేను రుచి చూశాను మేడమ్. చెంచాతో. బాగుందన్నాను."

"ఆయన కలిపితే ఎవరికి తెలుస్తుంది? నేనూ తాగాను ఎన్నోసార్లు."

"మీకు తెలియకపోయినా నాకు తెలియాలి కదా. ఈ తాళం ఉన్నది అందుకే కదా." ముడి వదిలింది. "నాకు చుక్క తగిలింది కాబట్టి తెలిసింది. నోటికి తెలియలేదు."

"పరీక్షలో చెప్పావుగా. నేనే చూశాను."

"ఆ గ్లాసులు పోసింది మావయ్యే" అంది మేనకోడలు. ఆ మాట నోట్లోంచి వచ్చాకే ఆమెకి కూడా ఆ సంగతి తట్టింది. "వాటిలో ఏం పోశాడో, ఏది సరైనదన్నాడో, ఇప్పుడు నాకు తెలియదు. ఏ రుచికి ఏ పేరో నాకు నేర్పిందీ ఆయనే."

మేనకోడలు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టింది. "వేరే ఎవరైనా పోసిన గ్లాసులు పెట్టండి. బయటివాళ్ళని పిలవండి. అప్పుడు చెబుదురుగాని, నాకివ్వాలో వద్దో."

మేడమ్ బట్టలకి జేబు లేదు. తాళంచెవిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

"నాకు కాసిని మంచినీళ్ళు పొయ్యమ్మా" అంది అక్క.

మేనకోడలు నీళ్ళ జగ్గు అందుకుంది. పోసింది. గ్లాసు నిండింది. అంచు దాటి గుడ్డ మీదికి వచ్చింది, గుడ్డ తడిసి, నీళ్ళు చేప పళ్ళెం వైపు జరిగాయి. ఆమె ఇంకా పోస్తూనే ఉంది. చిన్న తమ్ముడు లేచి, రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుని, జగ్గుని నిలబెట్టాడు.